గ్రీన్ ఫైనాన్స్ ఉద్యోగాలకు విద్యార్థులను ఒక సెమిస్టర్‌లో సిద్ధం చేయడం ఎలా

బీకాం, ఎంబీఏ, ఎంఏ ఎకనామిక్స్ చెప్పే లెక్చరర్లకు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకు ఈ గైడ్. గ్రీన్ ఫైనాన్స్ అంటే పర్యావరణానికి మేలు చేసే పనులకు అప్పులు, పెట్టుబడులు సమకూర్చడం. ఆ పేరుతో కాలేజీల్లో జరిగే గెస్ట్ లెక్చర్లు చాలావరకు నిర్వచనాల దగ్గరే ఆగిపోతాయి. పారిస్ ఒప్పందం, పదిహేడు సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు, రెండు మూడు రంగుల స్లైడ్లు, ఆపైన గ్రూప్ ఫొటో. ఆ విద్యార్థి ఇంటర్వ్యూకి వెళ్తే అడిగేది వేరు: "ఈ కంపెనీ స్కోప్ 2 అంకె నీకు నమ్మదగ్గదిగా అనిపిస్తోందా? ఎందుకు?" స్కోప్ 2 అంటే కొన్న కరెంటు వల్ల లెక్కకొచ్చే ఉద్గారం. ఇక్కడ నోరు పెగలాలంటే అంకెలతో కుస్తీ పట్టి ఉండాలి.

ఈ రంగంలో ఫైనాన్స్ ముందు, గ్రీన్ తర్వాత. అప్పు తిరిగి వస్తుందో రాదో తేల్చలేనివాళ్లకు అది పచ్చటి అప్పో కాదో తేల్చే పని ఎవరూ ఇవ్వరు. కింది ప్రణాళిక అంతా ఈ వరసలోనే సాగుతుంది. 14 వారాలు, వారానికి 4 గంటలు, 24 మంది విద్యార్థులు, ముగ్గురేసి చొప్పున 8 జట్లు అనుకుని రాశాం. సెమిస్టర్ అయ్యేసరికి ఒక్కో జట్టు చేతిలో మూడు ఫైళ్లు ఉండాలి: కాలేజీ కర్బన లెక్క, ఒక లిస్టెడ్ కంపెనీ నివేదిక మీద తనిఖీ నోట్, ఒక సోలార్ ప్రాజెక్టు రుణ మోడల్.

ముందు ఉద్యోగాలు ఎక్కడున్నాయో చూపించండి

దీనికి ఒక్క గంట చాలు. బ్యాంకులు, ఇరెడా, పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీ లాంటి రుణ సంస్థల్లో ప్రాజెక్టు అంచనా పని ఉంటుంది. రేటింగ్ సంస్థల ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) విభాగాలు, ఆడిట్ కంపెనీల సస్టెయినబిలిటీ టీములు, పునరుత్పాదక విద్యుత్ డెవలపర్ల ఫైనాన్స్ శాఖలు కూడా మనుషుల్ని తీసుకుంటాయి. హైదరాబాద్ గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపు ఉన్న విదేశీ బ్యాంకుల, డేటా కంపెనీల కేంద్రాల్లో మొదటి ఉద్యోగం తరచుగా డేటా అనలిస్టుది. కంపెనీల నివేదికలు తెరిచి అంకెలు తీసి, తప్పులు పట్టడమే ఆ పని. విద్యార్థులకు ఈ మాట దాచకుండా చెప్పండి. మొదటి ఏడాది ప్రపంచాన్ని కాపాడే పనేమీ ఉండదు, ఎక్సెల్ షీటే ఉంటుంది.

ఎగుమతుల వైపు ఇంకో తలుపు తెరుచుకుంది. ఐరోపా యూనియన్ సరిహద్దు కార్బన్ పన్ను విధానం, అంటే సీబ్యామ్, 2023 అక్టోబర్ 1న నివేదికల దశతో మొదలై 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంట్, ఎరువులు లాంటివి అక్కడికి పంపే కంపెనీలకు టన్నుకు ఎంత ఉద్గారమో లెక్క తేల్చి చెప్పేవాళ్లు కావాలి.

1, 2 వారాలు: పునాది పరీక్ష

కొత్త పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ₹28 కోట్ల అప్పు, 9 శాతం వడ్డీ, 18 ఏళ్లు, ఏటా సమాన వాయిదా: ఎంత కట్టాలి? జవాబు దాదాపు ₹3.20 కోట్లు. ఎక్సెల్‌లో పీఎంటీ ఫంక్షన్ వాడి రెండు నిమిషాల్లో తేల్చగలగాలి. ఎన్‌పీవీ (రాబోయే డబ్బు నేటి విలువలోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది), ఐఆర్‌ఆర్ (పెట్టుబడి మీద రాబడి రేటు) కూడా ఇలాగే. రానివాళ్లకు ఈ రెండు వారాలూ అదే పని పెట్టండి. ఇక్కడ జాలిపడితే ఎనిమిదో వారంలో క్లాసు మొత్తం ఆగిపోతుంది.

రెండో పరీక్ష యూనిట్ల మీద. కామర్స్ పిల్లలు తడబడేది ఇక్కడే. ఒక యూనిట్ కరెంటు అంటే ఒక కిలోవాట్ అవర్. వెయ్యి యూనిట్లు ఒక మెగావాట్ అవర్. ఒక మెగావాట్ అవర్ 3.6 గిగాజౌల్స్. మెగావాట్ సామర్థ్యాన్ని చెబుతుంది, మెగావాట్ అవర్ ఉత్పత్తిని చెబుతుంది. ఈ నాలుగు ముక్కలు నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇది తేలికే, కానీ వాళ్లు వాయిదా లెక్క దగ్గర ఆగుతారు. వీలైతే ఒక్కో జట్టులో ఇద్దరు కామర్స్ వాళ్లను, ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని కలపండి.

3, 4 వారాలు: సొంత కాలేజీ కర్బన లెక్క

గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ అనే ఉద్గారాల లెక్క ప్రమాణం చెప్పే మూడు స్కోపులు (1: సొంత వనరుల నుంచి నేరుగా వచ్చేవి, 2: కొన్న కరెంటువి, 3: ఇతరుల ద్వారా జరిగే మిగతావి) బోర్డు మీద చెబితే ఒంటబట్టవు. అకౌంట్స్ సెక్షన్ నుంచి ఏడాది కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్ వోచర్లు, హాస్టల్ గ్యాస్ బిల్లులు, బస్సుల డీజిల్ రిజిస్టరు తెప్పించండి. ప్రిన్సిపాల్ సంతకంతో ఒక లేఖ ముందే పెట్టుకోండి. లేకపోతే బిల్లుల కోసమే మూడు వారాలు తిరగాలి.

లెక్క ఇలా ఉంటుంది. నెలకు 40,000 యూనిట్లు వాడితే ఏడాదికి 480 మెగావాట్ అవర్లు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గ్రిడ్ ఉద్గార గుణకాన్ని ఏటా ప్రకటిస్తుంది. 2023-24కి అది మెగావాట్ అవర్‌కు 0.727 టన్నులు. గుణిస్తే సుమారు 349 టన్నులు, ఇది స్కోప్ 2. లీటర్ డీజిల్‌కు దాదాపు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పది సొంత బస్సులు రోజుకు 20 లీటర్ల చొప్పున 220 రోజులు తిరిగితే 44,000 లీటర్లు, అంటే 118 టన్నులు. ఇది స్కోప్ 1. అవే బస్సులు కాంట్రాక్టరువైతే అదే 118 టన్నులు స్కోప్ 3కి వెళ్తాయి. పొగ మారలేదు, బస్సు ఎవరిదన్నదే మారింది. స్కోపుల మధ్య తేడా ఈ ఒక్క ఉదాహరణతో తలకెక్కుతుంది. హాస్టల్లో వాడే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఒక్కోటి సుమారు 57 కిలోలు.

తప్పులు ఇక్కడే పట్టాలి. మన రాష్ట్రాల్లో హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న కాలేజీకి బిల్లు కేవీఏహెచ్‌లో (కిలోవోల్ట్ ఆంపియర్ అవర్లలో) వస్తుంది. విద్యార్థి ఆ అంకెనే యూనిట్లు అనుకుని గుణించేస్తాడు, లెక్క పెరిగిపోతుంది. బిల్లులో కిలోవాట్ అవర్ రీడింగ్ ఉన్న గడి వెతికి అదే తీసుకోమనండి. ఇంకోటి, కిలోలు టన్నులుగా మార్చడం మరిచిపోవడం. బస్సులకు 1,18,000 అని చూపించి పక్కన టన్నులు అని రాసే జట్టు ప్రతి బ్యాచ్‌లో ఒకటైనా ఉంటుంది. మూడోది, బిల్లులు ఒక ఏడాదివి, గుణకం మరో ఏడాదిది. ప్రతి అంకె పక్కన దాని ఆధారం, ఏడాది, యూనిట్ రాయడానికి మూడు నిలువు వరసలు తప్పనిసరి చేయండి. రేపు ఆడిట్ కంపెనీలో అడిగేవి ఈ మూడు వరసలే.

5, 6, 7 వారాలు: బీఆర్‌ఎస్‌ఆర్ చదవడం

మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టెయినబిలిటీ రిపోర్ట్ (బీఆర్‌ఎస్‌ఆర్) ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. 2023 జులైలో బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ పేరుతో కొన్ని కీలక అంకెలను బయటివారితో తనిఖీ చేయించే పద్ధతి తెచ్చి, పెద్ద కంపెనీలతో మొదలుపెట్టి దశలవారీగా విస్తరిస్తోంది. ఈ నివేదికలు ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. విద్యార్థులకు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం లేదు, పైగా ఏటా కొత్త ఎడిషన్.

ఒక్కో జట్టుకు ఒక్కో కంపెనీ ఇవ్వండి. సగం జట్లకు హైదరాబాద్ ఫార్మా కంపెనీలు, మిగతావాటికి సిమెంట్ కంపెనీలు ఇస్తే పోల్చడం రంజుగా ఉంటుంది. నివేదికలో తొమ్మిది సూత్రాలు ఉంటాయి. పర్యావరణానిది ఆరో సూత్రం. నేరుగా అక్కడికే వెళ్లి శక్తి వినియోగం పట్టిక, గ్రీన్‌హౌస్ ఉద్గారాల పట్టిక పక్కపక్కన పెట్టుకోమనండి.

ఇప్పుడు అసలు కసరత్తు. గ్రిడ్ నుంచి కొన్న పునరుత్పాదకం కాని కరెంటు 3,60,000 గిగాజౌల్స్ అని ఒక కంపెనీ చూపించిందనుకోండి. దాన్ని 3.6తో భాగిస్తే 1,00,000 మెగావాట్ అవర్లు. 0.727తో గుణిస్తే స్కోప్ 2 దాదాపు 72,700 టన్నులు రావాలి. కంపెనీ 71,000 అని రాస్తే అది పాత గుణకం ప్రభావం కావచ్చు. 7,270 అని ఉంటే ఎక్కడో సున్నా జారిపోయింది. 40,000 ఉంటే ఏదో దాగి ఉంది: కొంత కరెంటుకు పునరుత్పాదక విద్యుత్ సర్టిఫికెట్లు కొని తగ్గించారా, విదేశీ ప్లాంట్లు కలిపారా, లేక కొన్ని ప్లాంట్లను వదిలేశారా? నివేదిక ఏ పరిధికి అన్నది మొదటి విభాగంలోనే ఉంటుంది: కంపెనీ ఒక్కదానికా, అనుబంధ సంస్థలన్నీ కలిపా. ఉద్గారాలు ఒక పరిధివి, టర్నోవర్ ఇంకో పరిధిది అయితే రూపాయి టర్నోవర్‌కు ఉద్గారం అనే తీవ్రత అంకెకు అర్థం ఉండదు.

ఆ తీవ్రత అంకె మీద ఇంకో హెచ్చరిక. ధరలు పెరిగి టర్నోవర్ పెరిగితే చిమ్నీ నుంచి అదే పొగ వస్తున్నా తీవ్రత తగ్గినట్టు కనిపిస్తుంది. "కంపెనీ 12 శాతం మెరుగుపడింది" అని విద్యార్థి రాస్తే, టన్ను సరుకుకు ఎంత తగ్గిందో చూపించమని నోట్ వెనక్కి ఇవ్వండి.

సిమెంట్ తీసుకున్న జట్లు ఒక చోట తప్పకుండా జారతాయి. సోలార్ పెట్టుకుంటే సరిపోతుందని సలహా రాస్తారు. సున్నపురాయిని కాల్చి సిమెంట్‌కు మూలమైన క్లింకర్ చేసేటప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. సిమెంట్ ఉద్గారాల్లో సగానికి పైగా అదే, మిగిలిందాంట్లో పెద్ద వాటా బట్టీ ఇంధనానిది. కరెంటు వాటా చిన్నది. పల్నాడు, నల్లగొండ వైపు సిమెంట్ ఫ్యాక్టరీ దగ్గర్లో ఉంటే ఒక్క పూట చూపించి తీసుకురండి. బట్టీ చూసినవాళ్లు ఆ సలహా మళ్లీ రాయరు. క్లింకర్ వాటా ఎంత, ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రాల బూడిద) ఎంత కలుపుతున్నారు అని అడుగుతారు.

ఏడో వారంలో ఒక గంట, బ్యాంకు వైపు లెక్కకు పెట్టుకోండి. కంపెనీ ఉద్గారం 10 లక్షల టన్నులు. దాని మొత్తం విలువ, అంటే షేర్ల మార్కెట్ విలువ, అప్పులు కలిపి, ₹10,000 కోట్లు. అందులో మీ బ్యాంకు అప్పు ₹500 కోట్లు. బ్యాంకు వాటా 5 శాతం కాబట్టి బ్యాంకు ఖాతాలో పడేది 50,000 టన్నులు. తామిచ్చిన అప్పుల వెనకున్న ఉద్గారాలను బ్యాంకులు లెక్కగట్టే పీకాఫ్ పద్ధతి సారం ఇదే. షేరు ధర పడి విలువ ₹8,000 కోట్లకు దిగితే? వాటా 6.25 శాతం, ఉద్గారం 62,500 టన్నులు. ఫ్యాక్టరీలో ఏమీ మారలేదు. ఈ చిక్కును సొంత మాటల్లో వివరించగలిగిన విద్యార్థిని ఇంటర్వ్యూలో గుర్తుపెట్టుకుంటారు.

8 నుంచి 11 వారాలు: సోలార్ ప్రాజెక్టుకు అప్పు ఇవ్వొచ్చా?

సెమిస్టర్‌కు గుండెకాయ ఇది. నాలుగు వారాలూ దీనికే ఇవ్వండి, తగ్గించొద్దు.

10 మెగావాట్ల ప్లాంటు. ఖర్చు ₹40 కోట్లు అనుకోండి, అందులో అప్పు 70 శాతం, ₹28 కోట్లు. సామర్థ్య వినియోగం 19 శాతం. ఏడాదికి 10 × 8,760 × 0.19, అంటే 16,644 మెగావాట్ అవర్లు. కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం)తో ఒప్పందం ధర యూనిట్‌కు ₹2.75. ఆదాయం ₹4.58 కోట్లు. నిర్వహణ ఖర్చు ₹50 లక్షలు. చేతిలో మిగిలేది ₹4.08 కోట్లు, వాయిదా ₹3.20 కోట్లు. భాగిస్తే డీఎస్‌సీఆర్, అంటే మిగిలే సొమ్ము వాయిదాకు ఎన్ని రెట్లో చెప్పే నిష్పత్తి, దాదాపు 1.27. బ్యాంకు 1.2 పైన అడుగుతుందనుకుంటే పాసైనట్టే. చాలా జట్లు ఇక్కడే చేతులు దులుపుకుంటాయి.

ఇక్కడి నుంచి మీరు ఒక్కో మేకు దిగ్గొట్టండి. ధర ₹2.50 అయితే? 1.14. ఎండ తగ్గి వినియోగం 17.5 శాతానికి పడితే? 1.16. ఈ రెండూ పిల్లలు తొందరగానే చేసేస్తారు. మూడోదే వాళ్లను కుదిపేది. ప్యానెళ్ల ఉత్పత్తి ఏటా 0.7 శాతం తగ్గుతుంది, నిర్వహణ ఖర్చు ఏటా 3 శాతం పెరుగుతుంది. పద్దెనిమిదో ఏటికి ఆదాయం ₹4.06 కోట్లు, ఖర్చు ₹83 లక్షలు, డీఎస్‌సీఆర్ 1.01. మొదటి ఏడు బలంగా కనిపించిన ప్రాజెక్టు చివరి ఏట అంచు మీద నిలబడింది. అందుకే మోడల్‌లో ప్రతి ఏడాదికీ విడి వరస ఉండాలి, సగటుతో పాటు కనిష్ఠం కూడా చూపాలి. వాయిదాలను సమానంగా కాకుండా రాబడికి తగ్గట్టు మొదట ఎక్కువ, చివర తక్కువ పెడితే ఏమవుతుందో వాళ్లనే కనుక్కోనివ్వండి.

నాలుగోది డబ్బు ఆలస్యం. డిస్కం ఆరు నెలలు బకాయి పెడితే మొదటి ఏట చేతికొచ్చేది ₹2.29 కోట్లు. నిర్వహణ పోగా ₹1.79 కోట్లు, వాయిదా మాత్రం ₹3.20 కోట్లు. ప్రాజెక్టు లాభసాటిదే, అయినా వాయిదా తప్పింది. ఇది ఊహించి చెప్పే ముచ్చట కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సౌర, పవన విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడాలని చూసింది, విషయం కోర్టుకెళ్లింది. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ధరల ప్రకారమే బకాయిలు కట్టాలని తీర్పు ఇచ్చింది. ఈ మధ్యకాలంలో డెవలపర్లు, వాళ్లకు అప్పిచ్చినవాళ్లు ఎలా నెట్టుకొచ్చి ఉంటారో మోడల్‌లో పెట్టి చూడమనండి. రెండు త్రైమాసికాల వాయిదా సొమ్మును విడి ఖాతాలో నిల్వ ఉంచాలని రుణదాతలు ఎందుకు పట్టుబడతారో, 2022లో కేంద్రం ఆలస్య చెల్లింపు సర్‌చార్జీ నిబంధనలు ఎందుకు తెచ్చిందో విడిగా చెప్పాల్సిన పనే ఉండదు.

వడ్డీని 8.5 శాతానికి దించి చూపించండి. వాయిదా ₹3.09 కోట్లకు తగ్గుతుంది, ఏటా ₹11 లక్షల దాకా మిగులు. హైదరాబాద్‌కు చెందిన గ్రీన్‌కో లాంటి కంపెనీలు డాలర్ గ్రీన్ బాండ్ల (పర్యావరణ ప్రాజెక్టులకే వాడతామని చెప్పి డాలర్లలో అప్పు తెచ్చే పత్రాల) వైపు ఎందుకు వెళ్లాయో ఈ ఆరాటంలోనే అర్థమవుతుంది. ఆదాయం రూపాయల్లో, అప్పు డాలర్లలో కాబట్టి హెడ్జింగ్ (డాలర్ రేటు పెరిగినా నష్టపోకుండా చేసుకునే ఏర్పాటు) ఖర్చు కలిపాక ఆ మిగులులో ఎంత నిలుస్తుందన్నది పన్నెండో వారానికి మంచి హోంవర్క్.

చివరి వరసలో మాత్రమే కర్బనం: 16,644 × 0.727, ఏటా సుమారు 12,100 టన్నులు తప్పించినట్టు. దీన్ని పై పేజీలో పెట్టి, డీఎస్‌సీఆర్‌ను అడుగున దాచే జట్టుకు మార్కులు కొయ్యండి.

మోడల్ దిద్దేటప్పుడు ఒక చిట్కా. సామర్థ్య వినియోగం గడిలో 19 తీసి 0 పెట్టండి. ఆదాయం సున్నా కావాలి, నిర్వహణ ఖర్చు, వాయిదా అలాగే ఉండాలి. ఆదాయం మీద ఆధారపడే ఏ అంకె కదలకపోయినా ఎవరో ఫార్ములా ఉండాల్సిన చోట అంకె టైపు చేశారన్నమాట. పది సెకన్లలో దొంగ దొరుకుతాడు.

12వ వారం: గ్రీన్ బాండ్

భారత ప్రభుత్వం 2022 నవంబర్‌లో సావరిన్ గ్రీన్ బాండ్ల ఫ్రేమ్‌వర్క్ విడుదల చేసి, 2023 జనవరి 25న మొదటి విడతగా ₹8,000 కోట్లు సేకరించింది. ఐదేళ్లది 7.10 శాతం, పదేళ్లది 7.29 శాతం. ఆ ఫ్రేమ్‌వర్క్ పత్రం చిన్నదే, క్లాసులో వరసగా చదివించండి. డబ్బు దేనికి వాడతారు, ప్రాజెక్టులు ఎవరు ఎంచుతారు, సొమ్ము జాడ ఎలా పట్టుకుంటారు, ఏం నివేదిస్తారు అనే నాలుగు ప్రశ్నలకు జవాబులు గీత గీసి చూపించాలి. దేనికి వాడకూడదన్నది కూడా చూడండి: అణు విద్యుత్, 25 మెగావాట్లకు మించిన జల విద్యుత్ పక్కన పెట్టారు. ఎందుకో వాదించుకోనివ్వండి, శ్రీశైలం, సాగర్ పేర్లు వాటంతటవే వస్తాయి.

పచ్చటి బాండుకు ఇచ్చే చిన్న వడ్డీ తగ్గింపును గ్రీనియం అంటారు. ₹4,000 కోట్ల మీద 0.05 శాతం అంటే ఏడాదికి ₹2 కోట్లు. నివేదికలు, బయటి సమీక్ష ఖర్చు తీశాక చిన్న కంపెనీకి అది గిట్టుబాటు అవుతుందా? తరవాతి వేలాల్లో ఆ తగ్గింపుకు కొనేవాళ్లు ముందుకు రాని సందర్భాలూ ఉన్నాయి. గ్రీనియం ఖాయమని రాసిన సమాధానం తప్పుగానే దిద్దండి.

13, 14 వారాలు: సర్టిఫికెట్లు, ఫైలు, ఇంటర్వ్యూ

సర్టిఫికెట్ల గురించి విద్యార్థులు మొదటి రోజే అడుగుతారు, పదమూడో వారం దాకా ఆపండి. రిస్క్ నిపుణుల సంఘం గార్ప్ వారి ఎస్‌సీఆర్ (సుస్థిరత, వాతావరణ రిస్క్ సర్టిఫికెట్), సీఎఫ్‌ఏ ఇన్‌స్టిట్యూట్ సుస్థిర పెట్టుబడి సర్టిఫికెట్ రెండూ పేరున్నవే. ఫీజు డాలర్లలో ఉంటుంది. రిస్క్ వైపు వెళ్లేవాళ్లకు మొదటిది, పెట్టుబడుల వైపు వెళ్లేవాళ్లకు రెండోది, అదీ చివరి ఏట. డిగ్రీ రెండో ఏటివాళ్లతో అంత ఫీజు కట్టించడం అన్యాయం. ఐక్యరాజ్య సమితి యూఎన్ సీసీ లెర్న్‌లో ఉచిత కోర్సులు ఉన్నాయి, మొదలుపెట్టడానికి అవి చాలు.

నిబంధనలు మారుతూనే ఉంటాయి కాబట్టి ఒక్కో జట్టుకు ఒక్కో సంస్థను అప్పగించి, ప్రతి శుక్రవారం ఏం మారిందో ఒక పేరా రాయించండి. సెబీ ఒకరికి, ఆర్‌బీఐ ఒకరికి. 2023 జూన్ 1న అమల్లోకి వచ్చిన గ్రీన్ డిపాజిట్ల ఫ్రేమ్‌వర్క్ ఆర్‌బీఐదే. 2023లో నోటిఫై అయిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం చూసే బీఈఈ (ఇంధన సామర్థ్య బ్యూరో) ఇంకొకరికి. 2025 మేలో వాతావరణ ఫైనాన్స్ వర్గీకరణ ముసాయిదా తెచ్చిన ఆర్థిక శాఖ మరొకరికి. నాలుగు సంస్థలకు ఎనిమిది జట్లు కాబట్టి రెండేసి జట్లు ఒకే సర్క్యులర్ చదువుతాయి. వాళ్ల పేరాలు కలవని చోట అసలు సర్క్యులర్ తెరిచి చదవండి.

ఆఖరి వారం మాక్ ఇంటర్వ్యూలు. తెలిసిన బ్యాంకు మేనేజరునో చార్టర్డ్ అకౌంటెంటునో పిలిచి, రెజ్యుమె కాకుండా మూడు ఫైళ్లు ముందు పెట్టండి. ఏ గడి మీదైనా వేలు పెట్టి "ఇది ఎక్కడిది?" అని అడగమనండి. జట్టులో ఎవర్ని అడిగినా చెప్పగలగాలి, ఒకరే చేసి ఇద్దరు సంతకం పెట్టిన ఫైలు ఇక్కడే బయటపడుతుంది. రెజ్యుమెలో "సుస్థిరత పట్ల ఆసక్తి" అన్న వాక్యం కొట్టించి, దాని చోట "10 మెగావాట్ల సోలార్ ప్రాజెక్టుకు 18 ఏళ్ల రుణ మోడల్, కనిష్ఠ డీఎస్‌సీఆర్ 1.01, వాయిదాల మార్పు ప్రతిపాదన" అని రాయించండి.